దొరగారి రాగిబిళ్ళ

కోతపండుగ నాడు ఎవరి బుట్ట ముందు నడవాలని నల్లరేగడిపాలెంలో ఎవరూ అడగరు. మహిమ టీచరు బుట్ట ముందు, సంతోషకుమారి బుట్ట దాని వెనక. నూటపాతికేళ్ళుగా ఆ రెండు కుటుంబాల వరస అదే. పాస్టరుగారి ఇంటి ముందు బయలుదేరి చర్చి గుమ్మం దాకా రెండు వందల గజాల నడక. కొత్త మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోడిపెట్టలు, ఎవరికి కలిగింది వాళ్ళు నెత్తిన పెట్టుకుని పాటలు పాడుకుంటూ పోతారు. సంవత్సరమంతా ఎండలో తిరిగినా అలవని సంతోషకుమారికి ఆ రెండు వందల గజాలు నడిచేసరికి ప్రాణం కడబట్టేది.

ఎందుకంటే మహిమ బుట్టలో మిరపకాయల మీద ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు పరిచి ఉంటుంది. ఆ రుమాలు మీద ఒక రాగిబిళ్ళ. ఇంచుమించు రూపాయి బిళ్ళంత ఉంటుంది, అంచున చిన్న చిల్లు, రెండు వైపులా అరిగి నున్నగా ఉంటుంది. ఊళ్ళో దాన్ని దొరగారి బిళ్ళ అంటారు. ఈ పాలేనికి మొట్టమొదట వచ్చిన తెల్లదొర వాగులో బాప్తిస్మాలు ఇచ్చిన రోజున, నీళ్ళలోంచి లేచిన మొదటి మనిషి చేతిలో ఆ బిళ్ళ పెట్టి దీవించాడట. ఆ మొదటి మనిషి అంకయ్య, మహిమకు ముత్తాత. అదే రోజు అదే వాగులో అంకయ్య వెనకాలే మునిగినవాడు ఆదాం. ఆయన సంతోషకుమారి ముత్తాత.

వెనకాలే అంటే ఎంత వెనక? ఒక్క మునక. అంకయ్య తల తుడుచుకునేలోపు ఆదాం కూడా లేచి ఉంటాడు. ఆ ఒక్క మునకకి నాలుగు తరాలు రెండోవాళ్ళమైపోయామని సంతోషకుమారి కడుపుమంట. నవ్వొస్తే నవ్వండి. పెళ్ళి విందులో వడ్డన మీ పక్కవాడి ఆకు దగ్గర మొదలుపెట్టారని మొహం మాడ్చుకున్న రోజు మీకు లేకపోతేనే నవ్వండి.

అలాగని ఆమె లేనిది కాదు, చేతకానిదీ కాదు. యాభై నాలుగేళ్ళ మనిషి. ముప్పై మంది ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. మిరప కోత మొదలైందంటే చుట్టుపక్కల రైతులు ఆమె ఇంటికొచ్చి నిలబడాల్సిందే. గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే నాలుగు చేలకు వినపడుతుంది. మొగుడు మార్క్ చీమకుర్తి క్వారీల్లో టిప్పర్ తోలతాడు, తాగడు. ఇల్లు డాబా. మహిమ, తను ఒకే ఏడు పుట్టారు, ఐదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నారు. తరవాత మహిమ ట్రైనింగుకి పోయి టీచరైంది, ఈమె చేలోకి పోయింది. దానికి తనేనాడూ ఏడవలేదని సంతోషకుమారి చెబుతుంది. సరే, కొంచెం ఏడ్చింది. కానీ అది ఆరిపోయిన మంట. ఆరనిది ఆ బిళ్ళ ఒక్కటే.

ఆరకపోగా నోటి గుండా బయటికొచ్చేది. ఒక ఏడు, అది దొర ఇచ్చిందేమిటి, పాత లాంతరులోంచి ఊడిన రేకు అంది. ఇంకో ఏడు, కోటప్పకొండ తిరనాళ్ళలో కొన్న బొమ్మ పైసా అంది. స్త్రీల సమాజం మీటింగులో ఒకసారి, అలాంటిది మా గేదె మెడలో ఉండేది, అదే పోయిందేమో చూడండి అని కూడా అంది. ఆ రోజు అందరూ విరగబడి నవ్వారు. మహిమ కూడా నవ్వింది. మహిమ నవ్వడమే సంతోషకుమారికి మండింది. ఊళ్ళో పిల్లలు ఎవరి కొత్త పెన్సిలు చూసి ఎవరు ఏడ్చినా 'సంతోషమ్మ కుళ్ళు' అనడం అలవాటు చేసుకున్నారు. అది ఆమె చెవిన పడింది. పడ్డా ఆగిందా? ఆగలేదు.

ఈ ఏడు సంఘానికి నూటపాతికేళ్ళు నిండాయి. కొత్తగా వచ్చిన పాస్టరు అనిల్ కుమార్ గారు కుర్రవాడు, హుషారైన మనిషి. సంఘ చరిత్ర అచ్చు వేయిద్దామన్నాడు. పాత రిజిస్టరు తీస్తే మొదటి పేజీలన్నీ చెదలు తినేశాయి. అప్పుడు సంతోషకుమారి లేచి, తేనె పూసిన గొంతుతో, పుస్తకంలో దొరగారి బిళ్ళ ఫోటో వెయ్యాలి కదండీ, గుంటూరు నుంచి చదువుకున్న వాళ్ళెవరినైనా పిలిపించి అది ఏ దేశపు నాణెమో, ఏనాటిదో రాయిస్తే బాగుంటుంది అంది. ఆమె మనసులో మాట వేరు. అది ఉత్త రేకని తేలాలి, అది కూడా అందరి ముందూ తేలాలి.

మహిమ జంకుతుందనుకుంది. మహిమ జంకలేదు. మంచి మాట చెప్పావు సంతోషా అంది. ఆ మెచ్చుకోలుకి సంతోషకుమారికి ఆ పూట అన్నం సయించలేదు.

పండుగ ముందు రోజు, శనివారం పొద్దున్నే, గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్పే వీరాంజనేయులు గారు వచ్చాడు. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. చర్చిలో బల్ల వేశారు. చుట్టూ నలభై యాభై మంది మూగారు. సంతోషకుమారి ఆ రోజు ముఠాకి సెలవిచ్చి మరీ వచ్చి, బల్లకి ఎదురుగా నిలబడింది. మహిమ రుమాలు విప్పి బిళ్ళ బల్ల మీద పెట్టింది. ధగధగ మెరిసిపోతోంది.

వీరాంజనేయులు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీన్ని దేంతో తోమారమ్మా అని అడిగాడు. చింతపండు, ఉప్పు అని మహిమ గర్వంగా చెప్పింది. ప్రతి కోతపండుగ నాడూ పొద్దున్నే తోముతుంది. వాళ్ళమ్మ తోమేది, వాళ్ళ నాయనమ్మా తోమేది. రాగి చెంబుని ఎలా మెరిపిస్తారో అలాగే. ఆయన తల పట్టుకున్నాడు. పాత నాణేన్ని ఎప్పుడూ తోమకూడదట. తోమినప్పుడల్లా దాని మీద అక్షరం ఒక పొర పోతుందట. వందేళ్ళకు పైగా మీరు భక్తితో దీని చరిత్రంతా కడిగేశారమ్మా అన్నాడు. మహిమ మొహం చిన్నబోయింది. సంతోషకుమారి గుండెల్లో పాలు పొంగాయి.

కానీ ఆయన వదల్లేదు. సంచిలోంచి బంగారం కొట్టువాళ్ళ దగ్గరుండే చిన్న కాటా తీసి తూచాడు. మూడు గ్రాములకి కొంచెం తక్కువ తూగింది. తలుపులు వేయించి, ఫోను లైటు ఏటవాలుగా పట్టి, భూతద్దంలోంచి చూశాడు. చివరికి పల్చటి కాయితం బిళ్ళ మీద పరిచి, పెన్సిలు పడుకోబెట్టి మెత్తగా రుద్దాడు. చిన్నప్పుడు మనమందరం రూపాయి బిళ్ళ మీద చేసిన పనే అది. కాయితం మీద ఏదో లేస్తోంది. కంటికి కనపడనిది పెన్సిలుకి దొరికింది. పెద్ద వి అక్షరం. దాని ఎడమ కొమ్మకి చుట్టుకుని ఒక ఓ, కుడి కొమ్మకి ఒక సి. కింద పదిహేడు అనే అంకె వరకూ తెలుస్తోంది, ఆ తరవాతి రెండంకెలూ చింతపండు తినేసింది. రెండో వైపు కిరీటం, డాలు. డాలు అడుగున అలలు, అలల్లోంచి నడుం దాకా పైకి లేస్తున్న సింహం.

ఇది రేకు కాదు, బొమ్మ పైసా కాదు అన్నాడాయన. ఇది డచ్చివాళ్ళ నాణెం, డ్యూట్ అంటారు, ఆ మూడక్షరాలు వాళ్ళ వ్యాపార కంపెనీ గుర్తు. అలల్లో సింహం వాళ్ళ దేశంలో సముద్రం పక్కనున్న జీలాండ్ అనే సీమది. మన తాతలు వాళ్ళని వలందావాళ్ళు అనేవాళ్ళు, బందరులో ఇప్పటికీ వలందపాలెం ఉంది. నిజాంపట్నంలోనూ, బందరులోనూ దిగి మనవాళ్ళు నేసిన బట్టలు ఓడలకెత్తుకుపోయారు. అలా వచ్చిన చిల్లర ఇది. రెండు వందల యాభై ఏళ్ళ కిందటిది అనుకోవచ్చు అన్నాడు. జనం ఆహా అన్నారు. మహిమ మొహం మళ్ళీ విప్పారింది. కొండను తవ్వి ఎలుకను పట్టాలనుకుంటే, ఎలుక దొరకలేదు సరికదా కొండ ఇంకా పెరిగింది.

ఆయన గొంతు సవరించుకుని, అయితే ఒక్క చిక్కుందండి అన్నాడు.

"మీ సంఘం మొదలయ్యేనాటికి ఈ కంపెనీ మూతపడి నూరేళ్ళయింది. ఈ నాణెం అప్పటికి ఎక్కడా చెల్లదు. మీ దొరగారేమో అమెరికా ఆయన. ఆయన జేబులో ఇది ఉండే అవకాశం తక్కువండి. ఈ చిల్లు చూడండి, తాడు ఒరుసుకుని ఒక పక్కకే సాగింది. ఒక వైపు రెండో వైపు కన్నా బాగా అరిగింది. అది ఒంటికి రాసుకున్న వైపు. చెల్లని రాగి డబ్బుల్ని మనవాళ్ళు దిష్టి తగలకుండా మొలతాడుకి కట్టేవాళ్ళు. ఇది మొలబిళ్ళండి. దొర ఇచ్చింది కాదు, ఈ ఊరి మనిషి నడుముకున్నది."

సంఘపెద్ద బుల్లయ్య, ఎనభై దాటిన మనిషి, కర్ర ఊతంగా లేచాడు. అది నిజమే అయ్యుండొచ్చు, ఆ రోజుల్లో నీళ్ళలో దిగే ముందు పిలకా, తాయెత్తులూ, మొలతాడూ అన్నీ తెంపితే గానీ దొర బాప్తిస్మం ఇచ్చేవాడు కాదని మా నాయన చెప్పేవాడు అన్నాడు.

తెంపితే గానీ. ఆ మాట చెవిన పడగానే సంతోషకుమారికి నాయనమ్మ గుర్తొచ్చింది.

ఆమె నాయనమ్మ ఆదాంకు స్వయానా కోడలు. మధ్యాహ్నాలు అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తూ, పక్కన తొడిమలు తీసే ఇద్దరు పిల్లలకి పాత సంగతులు చెప్పేది. సొంత మనవరాలు ఒకతి, పక్కింటి మహిమ ఒకతి. "మా మామ మొలకున్నది తెంపి, గట్టు మీద పొడిబట్టతో నిలబడ్డ అంకయ్య చేతిలో పడేసి నీళ్ళలోకి దిగాడంట. పైకొచ్చాక మళ్ళీ అడగలా. వదిలాడంటే వదిలినట్టే" అనేది. మొలకున్నది అంటే ఏ తాయెత్తో అనుకుంది సంతోషకుమారి. దొరగారి బిళ్ళ అంటే దొర చేతిలోంచి వచ్చిన గొప్ప వస్తువు. ఈ రెండూ ఒకటేనని ఎవరి బుర్రకి తడుతుంది? ఇప్పుడు తట్టింది. బిళ్ళ ఆదాంది. ఆదాం నీళ్ళలో దిగేటప్పటికి అంకయ్య ఇంకా తడవకుండా గట్టు మీదున్నాడు. అంటే మొదట మునిగినవాడెవరు?

ఆమె నోరు ఆగుతుందా? అందరి ముందూ చెప్పేసింది. నాయనమ్మ మాట ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం కలపకుండా చెప్పింది. బతుకులో ఆ బిళ్ళ గురించి ఆమె చెప్పిన మొదటి నిజం అదే.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అందరూ నవ్వారు. గేదె మెడలోది కాస్తా ఇప్పుడు తాత మొలలోకి వచ్చిందా అంది వెనక నుంచి ఒకావిడ. బుల్లయ్య కూడా బోసినోరు తెరిచి నవ్వాడు. పాస్టరుగారు నవ్వు ఆపుకుంటూ కూర్చోండమ్మా అన్నాడు. ఒక పిల్ల పక్క పిల్ల చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో సంతోషకుమారికి వినక్కర్లేదు.

ఆమె ఎవర్నీ చూడలేదు. మహిమని చూసింది.

"మహిమా, నువ్వూ విన్నావుగా. మా అరుగు మీద, నా పక్కనే కూర్చుని విన్నావు. చెప్పవే."

అందరూ మహిమ వైపు తిరిగారు. మహిమ అబద్ధం చెప్పదని ఊరంతటికీ తెలుసు. పిల్లలకి మార్కులు వేసినా, సమాజం డబ్బులు చూసినా వేలెత్తి చూపినవాళ్ళు లేరు. ఆమె బిళ్ళ మీద చెయ్యి పెట్టి, దాన్ని మెల్లగా రుమాల్లోకి లాక్కుంది. కాయితం మీద లేచిన సింహాన్ని చూసింది, సంతోషకుమారిని చూడలేదు.

"నాకు గుర్తు లేదు సంతోషా."

అంతే. దాంతో తీర్పు అయిపోయింది. పాస్టరుగారికి మాత్రం ఆ నీళ్ళలోంచి లేచే సింహం తెగ నచ్చేసింది. బిళ్ళ ఎవరిదైతేనేం, రేపటి ప్రసంగం దాని మీదే అన్నాడు. బుట్టల వరస ఎప్పటిలాగే అన్నాడు. వీరాంజనేయులు గారు ఒక్కడే కాటా సర్దుకుంటూ, ఆ మాట ఎక్కడైనా రాసిపెట్టుకోండమ్మా అని సంతోషకుమారితో మెల్లగా అన్నాడు. ఆయన పరాయి ఊరివాడు కాబట్టి అన్నాడు.

ఇంటికొచ్చి ఆమె మార్క్‌కి ఫోన్ చేసి గంటసేపు ఊరందరినీ తిట్టింది. అంతా విని మార్క్ ఒకటే అన్నాడు. "నిజమే అయ్యుండొచ్చే. కానీ నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు?"

ఫోన్ పెట్టేసి ఆమె మంచం మీద కూలబడింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని నాయనమ్మ ఊరికే అనలేదు. ఇదే మాట నోరు మంచిదైన ఏ మహిమో చెప్పుంటే ఊరంతా నెత్తిన పెట్టుకునేది. చేతికందిన నిజాన్ని, ఇన్నేళ్ళూ తన కుళ్ళే ముందుగా వెళ్ళి చెడగొట్టి కూర్చుంది. అది తలుచుకుని కాసేపు ఏడ్చింది. నలుగురూ నవ్వినందుకు కాదు, మహిమ చెప్పనందుకు ఏడ్చింది. బిళ్ళ కోసం కుళ్ళింది గానీ, మహిమ అబద్ధమాడుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఏడుస్తూ ఏడుస్తూనే మహిమ మొహం గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ బిగిసిన దవడ, ఆ పక్కకి తిప్పుకున్న కళ్ళు, వస్తువు మీద పడ్డ ఆ చెయ్యి. ఎక్కడో చూసిన మొహమే. ఎక్కడో ఏమిటి, కోతపండుగ నాడు తల దువ్వుకుంటూ తన అద్దంలో ఏటా చూసుకునే మొహమే అది. మహిమకి గుర్తు లేకపోవడం కాదు. మహిమకి కుళ్ళు పుట్టింది. రెండో బుట్ట సంతోషకుమారిని చూసి, మొదటి బుట్ట మహిమకి! సంతోషకుమారి కళ్ళు తుడుచుకుంది. లేచి అన్నం వండుకుని, ఆవకాయ కలుపుకుని, శుభ్రంగా తింది.

ఆదివారం ఉదయం పాస్టరుగారి ఇంటి ముందు అందరూ బుట్టలెత్తుకున్నారు. మహిమ ముందు నిలబడింది. మిరపకాయలు, రుమాలు, బిళ్ళ, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. బిళ్ళ మాత్రం ఈసారి తోమలేదు. వెనక సంతోషకుమారి, పట్టుచీర కట్టుకుని, నెత్తిన గుమ్మడికాయా పత్తీ పెట్టుకుని నిలబడింది. పాట మొదలైంది. ఆమె గొంతెత్తి పాడింది. మహిమ చెవి వెనకే పాడింది.

పది గజాలు నడిచేసరికి ఆమెకి ఇంకొకటి తట్టింది. తట్టి, పాటలో ఒక చరణం మింగేసింది. దొర బాప్తిస్మం ఇచ్చి అంకయ్యకి అంకయ్య అనే పేరే ఉంచాడు. తన ముత్తాతకి మాత్రం పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టాడు. ఆదాం. బైబిల్లో ఆదాం ఎవరు? మొట్టమొదటి మనిషి. రెండోవాడికి ఎవడైనా ఆదాం అని పేరు పెడతాడా? ఇన్నేళ్ళుగా ఊరంతా ఆ పేరు చెప్పుకుంటోంది, ఆదివారం బడిలో చంటిపిల్లలకి కూడా తెలుసు ఆదాం ఎవరో. ఒక్కరికీ తట్టలేదు.

అరిచి చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేసింది. ఇప్పుడు చెబితే మళ్ళీ నవ్వుతారు. వచ్చే ఏడు, పుస్తకం అచ్చయ్యే ముందు, పాస్టరుగారి నోటి గుండా రప్పిస్తే నవ్వరు. నిజం ఎక్కడికీ పోదు, వందేళ్ళుగా పోనిది ఏడాదిలో పోతుందా. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా. అయినా ఆమె వెనకొచ్చింది కాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ నడకలో ఇద్దరున్నారు.

బోరింగు దగ్గర మహిమ వెనక్కి తిరిగి చూసింది.

సంతోషకుమారి పాడుతూనే ఉంది. బడి గోడ దగ్గర మహిమ మళ్ళీ తిరిగి చూసింది. పిల్లలకి బైబిలు కథలు చెప్పే టీచరు, ఆ పేరు లెక్క ఆమెకి తట్టకుండా ఉంటుందా? తట్టే ఉంటుంది. రాత్రంతా తడుతూనే ఉండి ఉంటుంది. ఇన్నేళ్ళ కోతపండుగల్లో ఒక్కసారైనా వెనకెవరున్నారో చూడని మనిషి, చర్చి గుమ్మం వచ్చేలోపు మూడోసారి తల తిప్పింది. నెత్తి మీద బుట్ట ఒరిగింది, రుమాలు మీద బిళ్ళ అంచుదాకా జారింది.

సంతోషకుమారి చెయ్యి చాచి బుట్టని సరిచేసింది.

"ముందుకు చూసి నడువమ్మా టీచరు" అంది. "బిళ్ళ పడిపోద్ది."